పరవాక్కుకు ప్రాణం: కొంగర జగ్గయ్య వాచికం – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

కొంగర జగ్గయ్య 2004 మార్చి 5న కన్నుమూశారు. ఆ తరువాత ఆయనను స్మరిస్తూ ఎవరు రాసినా, ఎవరు మాట్లాడినా ‘కంచు కంఠం’ అనే విశేషణం తప్పక చోటు చేసుకుంటున్నది. నటుడు, ఆకాశవాణి వార్తల చదువరి, 1967లో ఒంగోలు నుంచి ఎన్నికైన లోక్‌సభ సభ్యుడు, 1992 పద్మభూషణ పురస్కార గ్రహీత, రవీంద్రుని అనువాదకుడు – ఈ వివరాలన్నీ వరుసగా చెప్పి చివరికి ఆ రెండు మాటల దగ్గర ఆగిపోవడం స్మృతిరచనలకు ఆనవాయితీ అయింది. గొంతును ప్రశంసించారే తప్ప ఆ గొంతు ఏం చేసిందో పరిశీలించినవారు తక్కువ.

‘కంచు కంఠం’ అన్న ప్రశంసలోనే ఒక చిక్కు ఉన్నది. కంచు మోతకూ కనకం మౌనానికీ భేదం చెప్పిన వేమన దృష్టిలో మోగడం గుణం కాదు, అల్పత్వానికి గుర్తు. ఆ పద్యాన్ని బాల్యంలోనే కంఠస్థం చేసిన జాతి ఒక నటుణ్ణి మెచ్చుకోవడానికి అదే లోహాన్ని ఎంచుకున్నది. జనవ్యవహారంలో అందులో తప్పు లేదు. విమర్శకు మాత్రం అది చాలదు. గొంతు గట్టిగా మోగడం శరీరధర్మం. దానిని ఎక్కడ మోగించాలో, ఎక్కడ అణచాలో తెలియడం కళ. జగ్గయ్య విషయంలో పరిశీలించవలసింది రెండవదానిని.

ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నది ఒక్కటే. జగ్గయ్య కృషిలో వేర్వేరుగా కనిపించే వార్తాపఠనం, డబ్బింగ్, అనువాదం, సంపాదకత్వం అనే నాలుగు పనులూ నిజానికి ఒకే పని. ఇతరుల మాటకు తన స్వరాన్ని అప్పగించడమే ఆ పని. ఇతరుల మాటను ఇక్కడ ‘పరవాక్కు’ అని వ్యవహరిస్తున్నాను. పరవాక్కును పలికేటప్పుడు ఆయన పాటించిన నియమాలేమిటి, వాటి పరిమితులేమిటి అన్నది పరిశీలనాంశం.

తెనాలి, బాపట్ల, రేపల్లె: పలుకు నేపథ్యం

జగ్గయ్య స్వగ్రామం తెనాలి దగ్గరి మోరంపూడి. ఆయన స్వరాన్ని ఆ ప్రాంతపు సహజసంపదగా భావించడం పరిపాటి. కృష్ణా, గుంటూరు, ఉభయ గోదావరి జిల్లాల శిష్టుల భాష ప్రామాణిక భాషకు ఆధారమైంది. తెనాలి ఆ ప్రాంతంలోనిదే. కనుక జగ్గయ్య తన ఊరి భాషనే మైకు ముందు పలికారు – వాదం ఈ క్రమంలో సాగుతుంది. ఇది పైకి కనిపించినంత సరళమైన విషయం కాదు.

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించినప్పుడు ఈ ప్రాంతం మధ్యమండలంలో చేరింది. అయితే మండలమంటే ఒకే పలుకు అని అర్థం కాదు. తెనాలి నుంచి రేపల్లె వైపు రైల్లోనో, బాపట్ల వైపు రోడ్డుమీదనో పోతూ పక్కవారి మాటలు వింటే ‘వస్తున్నాను’ అన్నది ‘వస్తన్నా’ కావడం, ‘వెళ్ళాను’ అన్నది ‘ఎళ్ళా’ కావడం, ‘ఏమిటి’ అన్నది ‘ఏంది’ కావడం నేటికీ గమనించవచ్చు. క్రియాంతం కుదించుకుపోవడం, పదాది వకారం జారిపోవడం ఈ పలుకుకు సహజం. సినిమాల్లో వినిపించే జగ్గయ్య పలుకులో దీనికి భిన్నంగా క్రియాంతాలు పూర్తిగా ఉచ్చరితమవుతాయి, ‘వ’కారం నిలుస్తుంది, ఒత్తులు వేటికవి విడిగా వినిపిస్తాయి. అంటే అది ఊరి పలుకు కాదు. ఊరి పలుకు మీద శ్రద్ధతో నిర్మించుకున్న పలుకు.

ఆ నిర్మాణానికి తోడ్పడిన సంప్రదాయం మాత్రం ఈ ప్రాంతానిదే. తెనాలి శ్రీరామ విలాస సభ పద్యనాటకానికి పేరుమోసిన సమాజం. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు ఆ సభ ద్వారానే ఆంధ్రదేశానికంతకూ సత్యభామ అయ్యారు. రోషనార, చిత్రాంగి, మధురవాణి అయ్యారు. స్త్రీపాత్రలకు జీవితాన్ని అంకితం చేసిన ఈ పురుషుడు పరవాక్కు అనే భావనకు జగ్గయ్య కంటే ముందరి నిదర్శనం. తనది కాని దేహానికి, తనది కాని స్వభావానికి గొంతు ఇవ్వడం, ఆ గొంతులో ఒక నాయికకూ మరొక నాయికకూ భేదం చూపడం స్థానం సాధన. పద్యనాటకంలో గొంతును రాగం నడిపిస్తుంది. ప్రేక్షకుడు ‘వన్స్ మోర్’ అన్నది చాలావరకు రాగానికే.

జగ్గయ్య బాల్యంలో ద్విజేంద్రలాల్ రాయ్ ‘సీత’ నాటకంలో లవుడుగా రంగస్థలమెక్కారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లో ఎన్.టి. రామారావు వంటి సహాధ్యాయులతో కలిసి నాటకాలాడారు. ఆయన తరానికి రంగస్థలం పద్యం నుంచి వచనం వైపు మళ్ళుతున్నది. రాగం ఆసరా తొలగిపోయాక గొంతును నడిపించేదేమిటి? ఆ తరం నటులందరికీ ఎదురైన ఈ ప్రశ్నకు జగ్గయ్య సమాధానం రంగస్థలం మీద కాక రేడియో స్టూడియోలో దొరికిందని నా అభిప్రాయం.

వార్త: ఆకాంక్షను నిలిపే గొంతు

జగ్గయ్య ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. ఢిల్లీలోని భాషా వార్తావిభాగాల పనితీరులో గమనించదగిన అంశం ఒకటున్నది. అక్కడ చదువరి కేవలం చదువరి కాదు. ఇంగ్లీషులో వచ్చిన వార్తాప్రతిని తన భాషలోకి మార్చుకొని మైకు ముందు కూర్చునే అనువాదకుడు కూడా. కనుక వార్తాపఠనాన్ని ఉచ్చారణకు మాత్రమే సంబంధించిన నైపుణ్యంగా చూడరాదు. అది అనువాదంలోని ఆఖరి దశ.

ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వస్తుంది. ఎవరు ఏం చేశారో తెలిశాక మిగతా వివరాలు వినవచ్చు. తెలుగు వాక్యం క్రియాంతం. ఒక నమూనా వాక్యం చూద్దాం: ‘ప్రధానమంత్రి నిన్న బహిరంగసభలో మాట్లాడుతూ, ఆహారధాన్యాల కొరతను ఎదుర్కోవడానికి రాష్ట్రాలన్నీ సహకరించాలని కోరారు.’ చివరి పదం వినిపించేదాకా ప్రధాని కోరారో, ఆదేశించారో, ఆశించారో శ్రోతకు తెలియదు. కాగితం మీద చదివే పాఠకుడికి వెనక్కి చూసుకొనే వీలున్నది. రేడియో శ్రోతకు లేదు. ‘మాట్లాడుతూ’ దగ్గర గొంతు దిగితే వాక్యం అక్కడే ముగిసినట్లనిపిస్తుంది. ‘సహకరించాలని’ దగ్గర ఊపిరి చాలకపోతే ‘కోరారు’ అనాథ అవుతుంది.

భరతుడు నాట్యశాస్త్రంలో పాఠ్యగుణాలను చెబుతూ కాకువును సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండు విధాలు చేశాడు. అర్థం ఇంకా పూర్తికాలేదని సూచించే స్వరం మొదటిది. పూర్తయిందని చెప్పేది రెండవది. ఉరస్సు, కంఠం, శిరస్సు అనే స్థానాలనూ, ఉచ్చ, దీప్త, మంద్ర, నీచ, ద్రుత, విలంబితాలనే ఆరు అలంకారాలనూ, విచ్ఛేదం మొదలైన ఆరు అంగాలనూ ఆ సందర్భంలోనే పేర్కొన్నాడు. ఈ పరిభాష నాటకానికి ఉద్దేశించినదే అయినా తెలుగు వార్తాపఠనానికి అతికినట్లు సరిపోతుంది. తెలుగు వార్తావాక్యం ఆద్యంతం సాకాంక్షం. ఒక్క సమాపక క్రియ దగ్గరే నిరాకాంక్షం. ప్రతి అసమాపక క్రియ దగ్గరా విచ్ఛేదం కావాలి, కాని అది ముగింపులా వినిపించకూడదు.

వార్తాపఠనం గాలిలో కలిసిపోయే విద్య. అయినా దాని శిక్షణ ఏమిచ్చిందో జగ్గయ్య చిత్రాలలో వినవచ్చు. 1952లో త్రిపురనేని గోపీచంద్ దర్శకత్వం వహించిన ‘ప్రియురాలు’తో ఆయన చిత్రరంగ ప్రవేశం చేశారు. ఆ తరువాతి సాంఘిక చిత్రాలలో ఆయన సంభాషణ చెప్పే తీరు గమనిస్తే ముందుగా తెలిసేది నాదగాంభీర్యం కాదు, వాక్యాంతం మీది అదుపు. దీర్ఘవాక్యం మధ్యలో గొంతు జారదు. సమాపక క్రియను మింగివేయరు. అప్పటి నటులలో చాలామంది విశేషణం మీద ఊనిక ఇచ్చి క్రియను వదిలేస్తే, ఈయన క్రియదాకా శ్రోతను వెంటపెట్టుకొని పోతారు. రాగం తొలగిన తరువాత గొంతును నడిపించినది అన్వయం. ఇది వార్తల గదిలో అబ్బిన గుణమనడం సమంజసం.

డబ్బింగ్: పెదవికీ పదానికీ మధ్య

1950లో విడుదలైన ‘ఆహుతి’ తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రం. దానికి రచన చేసినవారు శ్రీశ్రీ. ఆ తరువాత అనిసెట్టి సుబ్బారావు, ఆరుద్ర వంటివారు ఈ ప్రక్రియలో కృషి చేశారు. ఇంతమంది కవులు పనిచేసిన రంగాన్ని సాహిత్యచరిత్ర పొట్టకూటి రచనగా పక్కన పెట్టింది. రచయితలకే చోటు దొరకనప్పుడు ఆ రచనను పలికినవారి ఊసు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

శివాజీ గణేశన్ తమిళ చిత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఆయనకు గాత్రం ఇచ్చినవారు ప్రధానంగా జగ్గయ్య. ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఈ పనిలోని కష్టం ఎక్కడున్నదో భాషాశాస్త్ర దృష్టితో చూడాలి.

తమిళ, తెలుగు భాషలు రెండూ క్రియాంతాలు కనుక వాక్యక్రమం అడ్డురాదు. ఇబ్బంది పదాంతంలో ఉన్నది. తెలుగు అజంత భాష. తమిళంలో హలంత పదాలు అధికం. తమిళ క్రియ ‘వందాన్’ అని ముగిసినప్పుడు పెదవులు విడిగానే ఉంటాయి. తెలుగు ‘వచ్చాడు’లో చివరి ఉకారానికి పెదవులు గుండ్రమవుతాయి. బహువచనం ‘లు’ దగ్గరా ఇదే ఇబ్బంది. తెర మీద శివాజీ పెదవి ఒకటి చెబుతుంటే చెవికి మరొకటి వినిపిస్తుంది. ఉభయభాషల్లోనూ వాడుకలో ఉన్న సంస్కృత పదాలు ఇక్కడ ఆదుకుంటాయి. తమిళ ‘ఆనందమ్’ చివర పెదవులు మూసుకుంటాయి. తెలుగు ‘ఆనందం’ చివరా మూసుకుంటాయి. అదే గ్రాంథికంగా ‘ఆనందము’ అంటే మూసుకున్న పెదవులు మళ్ళీ తెరుచుకోవాలి, బొమ్మ తప్పుతుంది. గ్రాంథిక, వ్యావహారిక వివాదంలో పండితులు తేల్చుకోవలసిన ప్రత్యయాన్ని డబ్బింగ్ గదిలో నటుడి పెదవి తేల్చింది.

కట్టబ్రహ్మన ఆంగ్లేయాధికారిని పన్నుల విషయమై నిలదీసే సన్నివేశం ఆ చిత్రానికి ప్రాణం. ప్రశ్న వెంట ప్రశ్నగా అది పైకి లేస్తుంది. తమిళంలో ప్రశ్నార్థకం ‘ఆ’, తెలుగులోనూ ‘ఆ’యే. రెండు భాషలకూ నోరు ఒకే విధంగా తెరుచుకునే చోటు అది. ప్రతి ప్రశ్నా దీర్ఘస్వరం మీద ముగియడం వల్ల గొంతుకు ఉచ్చస్థాయిలో నిలిచే అవకాశం ఉన్నది. జగ్గయ్య ఇక్కడ దీప్తాన్ని పూర్తిగా వాడుకున్నారు. ఆ రోజుల్లో ఫిల్మును చిన్న ముక్కలుగా లూపు కట్టి పదే పదే తిప్పుతూ గాత్రం పట్టేవారు. ముక్కలు ముక్కలుగా చెప్పిన మాటలు తెర మీద ఒకే ఊపిరిగా వినిపించాలంటే సన్నివేశం మొత్తం ఆరోహణ పలికేవాడి మనసులో ముందే సిద్ధంగా ఉండాలి. వార్తావాక్యంలో క్రియదాకా ఆకాంక్షను నిలిపిన విద్యే ఇక్కడ సన్నివేశం చివరిదాకా విస్తరించింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. జగ్గయ్య గొంతు అందరూ గుర్తుపట్టే గొంతు. తెలుగు ప్రేక్షకుడు విన్నది శివాజీనా, జగ్గయ్యనా? పరవాక్కును పలికేవాడు తాను కనుమరుగు కావాలన్నది నియమమైతే ఈయన దానిని పాటించలేదు గదా?

ఆక్షేపణలో నిజమున్నది. నాదం విషయంలో ఆయన కనుమరుగు కాలేదు, కాలేరు కూడా. కాని నడక విషయంలో అయ్యారు. ‘ఆరాధన’, ‘డాక్టర్ చక్రవర్తి’ వంటి చిత్రాలలో తాను స్వయంగా ధరించిన పాత్రలకు ఆయన వాడినది మంద్రం, విలంబితం. మాటకూ మాటకూ మధ్య చోటు ఉంటుంది. శివాజీకి పలికినప్పుడు అదే గొంతు ద్రుతానికి మారుతుంది. తారస్థాయికి ఎక్కి ఒక్కసారిగా దిగుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళు జగ్గయ్యవి కావు. తమిళ రంగస్థలం నుంచి శివాజీ తెచ్చుకున్నవి. స్వరం తనది, లయ ఎదుటివాడిది. అనువాదంలో మంచి అనువాదకుడు చేసేదీ ఇదే: భాష తనది, ఆలోచన నడక మూలరచయితది.

రూథర్‌ఫర్డ్: తెలుగైన ఆంగ్లం

1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’లో జగ్గయ్య రూథర్‌ఫర్డ్ పాత్ర ధరించారు. కథానాయకుడు కృష్ణది తెనాలి దగ్గరి బుర్రిపాలెం. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళవారిద్దరు ఒకరు మన్యం విప్లవవీరుడుగా, మరొకరు దొరగా ఎదురెదురు నిలిచారు. సంభాషణలు త్రిపురనేని మహారథివి.

తెర మీద ఆంగ్లేయుడు మాట్లాడవలసి వచ్చినప్పుడు తెలుగు సినిమాకు, నాటకానికి అలవాటైన మార్గం ‘దొర తెలుగు’. తకారాలు టకారాలై, దకారాలు డకారాలై, లింగవచనాలు తారుమారై ప్రేక్షకుణ్ణి నవ్వించే భాష అది. రూథర్‌ఫర్డ్ ఆ భాష మాట్లాడడు. గంభీరమైన, నిర్దుష్టమైన తెలుగు మాట్లాడతాడు. వాస్తవికత దృష్టితో ఇది అసంభవమని ఎవరైనా అనవచ్చు. కాని ఆ పాత్ర చెబుతున్నది తెలుగు కాదు, తెలుగులోకి అనువాదమైన ఆంగ్లం అనుకుంటే చిక్కు విడిపోతుంది. ఢిల్లీ స్టూడియోలో ఆంగ్లప్రతిని తెలుగుచేసి చదివిన వ్యక్తి ఇక్కడ ఒక ఆంగ్లాధికారి మనసును తెలుగుచేసి పలికారు. శత్రువుకు వక్రభాష ఇవ్వకపోవడం వల్ల సీతారామరాజు ప్రతిష్ఠ పెరిగింది. మాటలో సమానుడైన వాడిని ఎదిరించినప్పుడే ఆ ఎదిరింపుకు విలువ. పరవాక్కును పలికేవాడు పాటించవలసిన ధర్మం ఇందులో ఉన్నది: తాను ఏకీభవించని మాటకైనా దాని పూర్తి గౌరవం దానికివ్వాలి. వార్తల చదువరికీ ఇదే ధర్మం.

అనువాదం, సంపాదకత్వం

జగ్గయ్య రవీంద్రుని గీతాలను ‘రవీంద్ర గీత’గా, ఆయన నాటకాన్ని ‘బలిదానం’గా తెలుగు చేశారు. నటుడికి ఇది తీరిక వేళల వ్యాసంగమని భావించడం కద్దు. ఇంతవరకు చూసిన క్రమంలో పెడితే అది ఆయన ప్రధాన కృషికి సహజమైన కొనసాగింపు. పైగా తెనాలికి వంగభాషతో ఉన్న అనుబంధం పాతది. బెంగాలీ నేర్చి శరత్ నవలలను తెలుగువారి నవలలనిపించేటట్లు అనువదించిన చక్రపాణి తెనాలివాడే. చక్రపాణి అనువాదంలో మూలరచయిత తెలుగు ఇంట్లో మనిషి అవుతాడు. జగ్గయ్య మార్గం వేరు. ఆయన వాచికంలోవలెనే ఇక్కడా అతిథి అతిథిగానే ఉంటాడు; గౌరవం తగ్గదు.

ఆత్రేయ మరణానంతరం ఆయన సమగ్ర రచనలను సంపుటాలుగా తీసుకువచ్చే సంపాదకబాధ్యతను జగ్గయ్య స్వీకరించారు. ఎవరి మాటలను నటుడిగా పలికారో ఆ రచయిత మాటలను ఆయన పోయాక సేకరించి భద్రపరచడం ఇది. పలకడం తాత్కాలికంగా మాటకు ప్రాణం పోయడమైతే, సంపాదకత్వం ఆ ప్రాణాన్ని నిలపడం. తన గొంతు గురించి ఎవరూ అంత శ్రద్ధ తీసుకోని మనిషి మరొకరి మాట గురించి తీసుకున్న శ్రద్ధ ఇది.

పరిమితి

ఈ పరిశీలన ప్రశంసతోనే ముగిస్తే అసమగ్రమవుతుంది. జగ్గయ్య నిర్మించుకున్న పలుకు ఆదర్శమైన కొద్దీ ఇతర పలుకులకు మైకు దగ్గర చోటు తగ్గింది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాలు చాలాకాలం హాస్యపాత్రలకూ సేవకపాత్రలకూ పరిమితమయ్యాయి. దొర తెలుగును తిరస్కరించిన సినిమాయే తెలుగువారిలోనే కొందరి తెలుగును నవ్వులపాలు చేసింది. ఇది ఒక వ్యక్తి దోషం కాదు. ప్రామాణికత అనే భావనలోనే ఉన్న దోషం. అయితే పైన చూసినట్లు ఆ పలుకు రేపల్లె, బాపట్ల, తెనాలి పల్లెలది కూడా కాదు. అక్కడి రైతు ‘వస్తన్నా’ కూడా మైకు వెలుపలే నిలిచింది. ‘ప్రామాణిక భాష మా ఊరి భాష’ అనే గర్వానికి గాని, ‘అది మీ ఊరి భాష’ అనే ఆగ్రహానికి గాని జగ్గయ్య స్వరం పూర్తి ఆధారం కాజాలదు. ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఉచ్చారణ కాదు, అన్వయం మీద ఏకాగ్రత. దానిని ఏ మాండలికంలోనైనా సాధించవచ్చు.

ముగింపు

ఈ వ్యాసకర్త పుట్టేనాటికి జగ్గయ్య రేడియో వార్తలు మాని దాదాపు అర్ధశతాబ్దం. నా తరానికి ఆయన స్వరం జ్ఞాపకం కాదు, ఆధారం మాత్రమే. ఆ కారణం చేతనే దానిని విశేషణంతో సరిపెట్టుకునే వీలు లేదు; పాఠంగా చదవవలసి ఉన్నది.

స్వరసాధకుడు మరణిస్తే ‘గొంతు మూగబోయింది’ అంటారు. జగ్గయ్య విషయంలో జరిగింది అది కాదు. శివాజీ గణేశన్ 2001లో, జగ్గయ్య 2004లో వెళ్ళిపోయారు. తెలుగు కట్టబ్రహ్మన ఇప్పటికీ మాట్లాడుతున్నాడు, ఒకరి పెదవులతో, మరొకరి ఊపిరితో. మూగబోయింది మన విమర్శ. వాక్కు నాట్యానికి శరీరమని భరతుడు చెప్పిన నేల మీద, పద్యపఠనానికి ఇంత చరిత్ర ఉన్న భాషలో, వచనపఠనానికి చరిత్ర రాయలేదు. తెలుగు శాఖలు కావ్యాల పాఠాంతరాలను పరిష్కరించినంత శ్రద్ధతో రేడియో నాటకాల, డబ్బింగ్ చిత్రాల ధ్వనిప్రతులను సేకరించి, విచ్ఛేదాన్నీ కాకువునూ గుర్తించి పరిష్కరించవలసి ఉన్నది. ఆ పని మొదలైతే ‘కంచు కంఠం’ అనే మాట అక్కరలేకుండానే జగ్గయ్యను స్మరించుకోగలం. కంచును మోగించినవాడి చేతి ఒడుపు అప్పుడు తెలుస్తుంది.